అమ్మగారికి చెప్పే ముందు అమ్మాయిని అడిగారా?

"అమ్మా, వందనాలు. మాది ప్రకాశం జిల్లాలో ఒక పెద్ద గ్రామం. నాకు 56 ఏళ్లు, ప్రభుత్వ పాఠశాలలో టీచరును. మా వారు పోయి పదకొండేళ్లయింది. ఒక్కతే కూతురు. 27 ఏళ్లు, నర్సు. రెండేళ్ల కిందట మా పాస్టరు గారి భార్య, మేమంతా అమ్మగారు అంటాం, ఆవిడ తెచ్చిన సంబంధమే చేశాను. అబ్బాయి వాళ్లు ఆవిడకు దూరపు బంధువులు. రెండు నెలల కిందట అమ్మాయి విరిగిన చేతికి కట్టుతో ఇంటికి వచ్చింది. జారిపడ్డానని మొదట చెప్పింది, నాలుగు రోజులకు అసలు సంగతి చెప్పింది. నేను మనసు ఆపుకోలేక శుక్రవారం ఉపవాస కూడికలో అమ్మగారికి ప్రార్థన మనవిగా చెప్పుకున్నాను. సాయంత్రానికి స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులో పేరుతో సహా వచ్చేసింది. ఆదివారం అమ్మాయి గుడికి వస్తే చుట్టూ చేరి, తలమీద చేతులుంచి, లోబడే మనసు ఇమ్మని పెద్దగా ప్రార్థన చేశారు. అమ్మాయి లేచి నిలబడి 'మీ కూతురి చెయ్యి విరిచినా ఇలాగే ప్రార్థిస్తారా' అని అమ్మగారిని అడిగి వెళ్లిపోయింది. అప్పటి నుంచి గుడికి రావడం లేదు, నాతోనూ సరిగా మాట్లాడదు. సంఘం ముందు అమ్మగారికి క్షమాపణ చెబితేనే ప్రభు బల్లలో (గుళ్లో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారంలో) పాలు పొందనిస్తామంటున్నారు పెద్దలు. మా తాతల నాటి నుంచి ఈ సంఘంలోనే ఉన్నాం. మా వారి సమాధి ఇక్కడే. రేపు నేను పోతే ఎవరు వస్తారు? అమ్మాయిని ఎలా ఒప్పించాలి? ఏ వాక్యం చూపిస్తే వింటుంది? లేకపోతే వేరే సంఘానికి మారిపోమంటారా?"

ఒప్పించకండి. వాక్యం చూపించకండి. సంఘం మారడం గురించి ఇప్పుడు ఆలోచించకండి. మీరు అడిగినవాటికి నా జవాబు అంతే. మీరు అడగని సంగతి ఒకటి ఉంది, అది మాట్లాడుకుందాం.

మీ అసలు ఉత్తరం నాలుగు పేజీలు, ఇక్కడ కుదించి వేశాం. చదువుతూ పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ వెళ్లాను. అమ్మగారి ప్రస్తావన ఇరవైమూడు సార్లు వచ్చింది. అమ్మాయిది తొమ్మిది సార్లు. ఆ తొమ్మిదిలో ఆరు, అమ్మాయి ఆవిడను ఏమన్నదో, ఆవిడ ముఖం ఎలా చిన్నబోయిందో చెప్పడానికే సరిపోయాయి. విరిగింది కుడి చెయ్యో ఎడమ చెయ్యో నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. పిల్ల నర్సు అన్నారు. సూది వేయాలన్నా, మంచం మీద మనిషిని అటు తిప్పాలన్నా ఆ చెయ్యే కావాలి కదమ్మా.

మీ వారు పోయినప్పుడు అమ్మగారు పది రాత్రులు మీ పక్కన చాప వేసుకుని పడుకున్నారని రాశారు. నేను దాన్ని తక్కువ చేయను. రక్తసంబంధీకులు మూడో రోజుకే బస్సెక్కే రోజుల్లో అది సామాన్యమైన సాయం కాదు. కానీ ఆ పది రాత్రుల తర్వాత పదకొండేళ్లలో మీరు సొంతంగా తీసుకున్న నిర్ణయం ఒక్కటైనా ఉందా? పిల్లను ఏ కోర్సులో చేర్చాలో ఆవిడే చెప్పారు. ఇంటి మీద గది వేయాలో వద్దో ఆవిడే చెప్పారు. చివరికి అల్లుడిని కూడా ఆవిడే తెచ్చారు. ఆవిడ పట్ల కృతజ్ఞత మీది, రుణం మీది. దాన్ని అమ్మాయి చేత తీర్పించాలనుకోవడం ఏమి న్యాయం?

ఆ సంబంధం తెచ్చిన మనిషికే ఆ సంబంధం గురించి మొదట చెప్పుకున్నారు మీరు. ఆవిడ ఏమి చేయగలరు? ఆ అబ్బాయి దుర్మార్గుడని తేలితే సంబంధం తెచ్చినవారి మాట పోతుంది, బంధువుల దగ్గర తలవంపులు. అందుకే చెయ్యి విరిచినవాడి పేరు ఆ ప్రార్థనలో రాలేదు. సాతాను పేరు వచ్చింది. సాతాను మీదికి నెట్టేస్తే అల్లుడి గడప తొక్కే పని ఉండదు చూశారా! ఆవిడ చెడ్డమనిషని నేను అనడం లేదు. ఈ విషయంలో ఆవిడ ఒక పక్షం, అంతే. పక్షం ఉన్న మనిషిని న్యాయం అడగకూడదని బళ్లో పిల్లల తగాదాలు తీర్చే టీచరుగారికి నేను చెప్పాలా?

నేనూ మిషను కాంపౌండులో పెరిగినదాన్నే. ప్రార్థన మనవి అనేది ఎంత మంచి ఆచారమో నాకు తెలుసు, ఎంత సులువుగా కుళ్లిపోతుందో కూడా తెలుసు. "ఫలానా వాళ్ల అమ్మాయి విషయం మీకు తెలిసిందా" అంటే చాడీ. అదే మాట కళ్లు మూసుకుని "ప్రభువా, ఫలానా వాళ్ల అమ్మాయిని జ్ఞాపకం చేసుకో" అంటే భక్తి. విన్నవాళ్లంతా ఆమేన్ అంటారు కాబట్టి చెప్పినవారికి దోషం అంటదు. పైగా చాడీకి ఎదురు చెప్పవచ్చు, ప్రార్థనకు ఎదురు చెబితే దేవుడికే ఎదురు చెప్పినట్టు. మీ అమ్మాయి చేసిన "తప్పు" అదే. తలమీద పది చేతులు ఉన్నప్పుడు లేచి నిలబడింది. పెద్దవారిని అంత మాట అనవచ్చా అని మీరు బాధపడ్డారు. నేనైతే ఇంకో రెండు మాటలు కలిపి అనేదాన్ని.

మా చిన్నమ్మ ఒకసారి కమిలిన ముఖంతో పుట్టింటికి వచ్చింది. నాకు తొమ్మిదో పదో ఏళ్లు. మర్నాడే ముగ్గురు సంఘ పెద్దలు బైబిళ్లు చంకన పెట్టుకుని సర్దిచెప్పడానికి వచ్చారు. మా అమ్మమ్మ కాఫీ ఇచ్చింది, వాళ్లు సగం తాగేవరకు ఊరుకుంది. "అబ్బాయి ఇంటికి వెళ్లి వచ్చారా అయ్యా?" అని అడిగింది. ఇంకా లేదన్నారు. "అయితే దారి తప్పి వచ్చారు. గ్లాసులు అక్కడ పెట్టండి" అంది. మా అమ్మమ్మకు సంతకం చేయడం రాదు. కీర్తనల పుస్తకం మాత్రం మొత్తం నోటికి వచ్చు.

వాక్యం చూపించవద్దన్నాను, నిజమే. అది అమ్మాయికి. మీకు మాత్రం వాక్యం చెబితేనే మనసుకు ఎక్కుతుందని అర్థమైంది కాబట్టి, మీ గుళ్లో చదవకుండా దాటేసినట్టున్న భాగాలు చెబుతాను. మత్తయి 18వ అధ్యాయంలో సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా ఉన్నప్పుడు అతనితోనే మాట్లాడమని ఉంది. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి. అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పాలి. మీ విషయంలో ముందు సంఘానికి, అంటే ఫోనున్న ప్రతి ఇంటికీ చెప్పేశారు. తప్పు చేసినవాడి దగ్గరికి మాత్రం ఇంతవరకు ఎవరూ వెళ్లలేదు. ఎఫెసీ పత్రిక అయిదో అధ్యాయంలో 22వ వచనం, భార్యలు లోబడాలనేది, మన సంఘాల్లో చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చు. దానికి ముందున్న 21 ఒకరికొకరు లోబడమంటుంది. 28 భార్యను సొంత శరీరంలా ప్రేమించమని భర్తకు చెబుతుంది. తన చెయ్యి తానే విరుచుకున్న మగవాడిని నేనింతవరకు చూడలేదు. భార్యను విడిచిపెట్టడం దేవుడికి అసహ్యమని మలాకీ రెండో అధ్యాయం ఎత్తుతారు. అదే వచనం చివరి సగంలో బలాత్కారం కూడా అసహ్యమనే ఉంది. అక్కడికి వచ్చేసరికి పుస్తకం మూసేస్తారు.

ప్రభు బల్ల సంగతి. కొరింథీ మొదటి పత్రికలో ఎవరిని వారు పరీక్షించుకుని ఆ రొట్టె తినమన్నారు. పక్కింటి పిల్లను పరీక్షించమనలేదు. మీ పెద్దలను ఒక్క మాట అడగండి: మా అల్లుడు వాళ్ల ఊళ్లో ప్రభు బల్లలో పాలు పొందుతున్నాడా? ఎవరైనా ఆపారా? ఆపలేదంటే ఆ సంఘాల లెక్క ప్రకారం ఎముక విరవడం కంటే ఎదురు ప్రశ్న వేయడం పెద్ద పాపమన్నమాట. ఆ లెక్క ఒప్పుకుని అమ్మాయిని తల వంచమని అడుగుతారా? అడిగితే ఆమె వంచవచ్చు కూడా, మీ మీద జాలితో. ఆ తర్వాత ఏదో ఒక రాత్రి ఆ అబ్బాయి మళ్లీ చెయ్యి ఎత్తినప్పుడు మీకు ఫోను మాత్రం చేయదు.

మీ భయం నాకు తెలియనిది కాదు. మన వైపు సంఘాలు చాలావరకు ఒక్కొక్క మనిషి వచ్చి చేరినవి కావు. 1876లో మొదలైన ఆ పెద్ద కరువు తర్వాత, 1878 జులై 3న, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కుటుంబాలకు కుటుంబాలు, పల్లెలకు పల్లెలే వచ్చాయి. అందుకే మనకు సంఘమన్నా చుట్టాలన్నా ఒకటే. గుళ్లో మాట పడితే పెళ్లిలో పిలుపు ఆగుతుంది, సమాధుల తోటలో చోటు గురించి కూడా దిగులు మొదలవుతుంది. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఎవరూ దగ్గరికి రానీయని మనుషులకు తలెత్తుకుని కూర్చునే చోటు దొరికిందనే కదా మన ముత్తాతలు ఆ నీళ్లలో దిగారు? వాళ్ల మునిమనవరాలు అదే గుళ్లో తల దించుకుంటేనే చోటు అంటే, ఆ షరతు పెట్టే అధికారం ఈ పెద్దలకు ఎవరిచ్చారు?

"మన క్రైస్తవులకు విడాకులు లేవు" అని ఒక పెద్దాయన అన్నట్టు రాశారు. తప్పు. 1869 నాటి విడాకుల చట్టం క్రైస్తవుల కోసమే ఉంది. అయితే 2001లో సవరించే దాకా అందులో పెద్ద అన్యాయం ఉండేది. భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటే చాలిన కారణం. భార్యకు మాత్రం భర్త క్రూరత్వం ఒక్కటే చాలేది కాదు, వ్యభిచారం కూడా రుజువు చేయాలి. ఇప్పుడు క్రూరత్వం ఒక్కటే చాలు. విడాకుల దాకా వెళ్లకుండానే 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు కోరవచ్చు. మహిళల సహాయ నంబరు 181కి ఫోను చేస్తే ఎవరిని కలవాలో చెబుతారు. ఆసుపత్రి కాగితాల్లో జారిపడినట్టే రాసి ఉండవచ్చు, అయినా ఎక్స్‌రే, మందుల చీటీలు ఒక్కటీ పారేయకండి. ఇవన్నీ అమ్మాయికి తెలియాలనే రాస్తున్నాను. తిరిగి వెళ్లాలా, విడిపోవాలా అనేది ఆమె తేల్చుకుంటుంది. మీరు కాదు, నేను కాదు, అమ్మగారు అసలే కాదు.

ఇక మీరు చేయాల్సింది. అమ్మగారి దగ్గరికి వెళ్లండి. ఒంటరిగా, పగలు, ఏడవకుండా. పాదాల దగ్గర కూర్చోకండి, కుర్చీలో కూర్చోండి. "మీరు నాకు చేసిన మేలు మరచిపోను. మా అమ్మాయి విషయం ఇక మీ దగ్గర మాట్లాడను. గ్రూపులో పెట్టింది తీసేయించండి. మీ బంధువుల అబ్బాయిని ఎవరైనా అడగాలనుకుంటే అది మీరే అడగండి" అని చెప్పండి. ఆవిడ వెంటనే ప్రార్థన చేద్దాం అంటారు. "ఈ రోజు వద్దండీ" అని లేచి రండి. ఈ ఒక్క మాట పలకడానికి మీకు నెల రోజులు పట్టవచ్చు, ఫరవాలేదు. పాస్టరు గారితో కూడా విడిగా మాట్లాడండి. ఆయన తన భార్య మాట కాదనలేరంటారేమో. అలా అంటే, లోబడడం గురించి ప్రసంగం చేసేటప్పుడు ఆ సంగతి కూడా చెప్పమనండి.

ఆ శుక్రవారం కూడికలో మీరు నోరు జారారు కాబట్టి అక్కడే లేచి, "నా బిడ్డ అనుమతి లేకుండా ఆమె సంగతి చెప్పాను, అది నా తప్పు" అనడం న్యాయం. కానీ ఆ మాట అనడానికి కూడా ముందు అమ్మాయిని అడగండి. వద్దంటే మానేయండి. ఆదివారం మీరు గుడికి వెళ్లడం మానక్కర్లేదు, మీ బల్ల మీద మీరు కూర్చోండి. "పాప రాలేదేం?" అని ఎవరైనా అడిగితే "ఇంట్లో ఉంది" అని కీర్తనల పుస్తకం తెరవండి. వచ్చే వారం కూడా అడుగుతారు. మీరు కూడా అదే జవాబు చెప్పండి.

అమ్మాయికి క్షమాపణ చెప్పడం సంఘం ముందు కాదు, వంటింట్లో చాలు. కట్టు విప్పాక వేళ్లు, మణికట్టు కదిలించమని డాక్టరు ఏవో వ్యాయామాలు చెప్పే ఉంటారు. ఈ సాయంత్రం వేణ్నీళ్ల గిన్నె తీసుకెళ్లి పక్కన కూర్చోండి. వాక్యం ఎత్తకండి. ఏ చెయ్యి అని నేను అడిగానుగా, అది చూసి నాకు రాయండి.