ఎదురింటి టవర్, చెవి దగ్గరి ఫోన్

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఎదురింటి డాబా మీద 5జీ టవర్ పెడుతున్నారు. క్యాన్సర్ వస్తదని గల్లీ గ్రూపులో సంతకాలు అడుగుతున్నారు. ఇంట్లో ఏడేళ్ల పాప ఉంది. సంతకం పెట్టమంటారా?

జవాబు: టవర్ రేడియేషన్ ఎంతో కొలిచిన లెక్క చేతికి రాకముందు పెట్టకండమ్మా. టవర్ నుంచి వచ్చేవి రేడియో తరంగాలు. ఎక్స్‌రేలకు ఉన్నట్టు అణువులను చీల్చే శక్తి వీటికి లేదు. మోతాదు బాగా మించితే ఒంటిని వేడెక్కిస్తాయి, అందుకే పరిమితి పెట్టారు. మన దేశంలో 2012 సెప్టెంబర్‌లో దాన్ని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించారు. పైగా దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ లెక్కన పాపకు ఎదురింటి డాబా కన్నా చెవికి ఆనించిన ఫోనే దగ్గర. సిగ్నల్ ఒక్క గీతే ఉంటే ఫోన్ ఇంకా గట్టిగా ప్రసారం చేస్తుంది. అప్పుడు స్పీకర్‌లో మాట్లాడించండి.

మరి గల్లీ అంతా టవర్‌కే ఎందుకు భయపడుతోంది? అమెరికా మనస్తత్వవేత్త పాల్ స్లోవిక్ 1987లో రాసిన వ్యాసంలో దీనికి జవాబుంది. 30 ప్రమాదాలను పెద్దది ముందుగా వరుసలో పెట్టమంటే అక్కడి మహిళా ఓటర్ల సంఘం సభ్యులు అణువిద్యుత్తును మొదట, ఎక్స్‌రేను 22వ చోట పెట్టారు. నిపుణుల వరుసలో అవి 20, 7. రెండింట్లోనూ ఉన్నది రేడియేషనే. మనం కోరి తీయించుకునేది తేలికగా, మనల్ని అడగకుండా నెత్తిన పెట్టేది భయంగా తోస్తుంది. ఫోన్ మనం కొన్నది. టవర్ గురించి మిమ్మల్ని ఒక్కరూ అడగలేదు. ఆ కోపం న్యాయమే.

నల్లగొండ జిల్లా వాళ్లకు 'ఏం కాదు' అని చెబితే సరిపోదని కూడా నాకు తెలుసు. తేటగా కనిపించిన బోరు నీళ్లే ఇక్కడ ఎముకలు వంచాయి. వాటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందో లేదో నీళ్లు పరీక్షిస్తేనే తెలిసేది. టవర్‌నూ అలాగే కొలిపించండి. కేంద్ర టెలికాం శాఖ 'తరంగ్ సంచార్' పోర్టల్‌లో రుసుము కట్టి అడగవచ్చు. గల్లీ వాళ్లంతా తలా కొంత వేసుకోండి.

మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో సంతకాల మెసేజ్ కింద ఇంకొకటి ఉంది: 'పెళ్లి కార్డు.ఏపీకే'. పెళ్లి కార్డు ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఏపీకే అంటే యాప్. ఇన్‌స్టాల్ చేసి అనుమతులిస్తే మీ ఓటీపీలు దొంగ చేతికి పోతాయి. దానికి గ్రూపులో రెండు దండం బొమ్మలు పెట్టారు. ఎవరైనా తెరిచి ఉంటే ముందు నెట్ ఆపించండి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పించండి. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయించండి. ఈ పని ఈ రాత్రికే చేయండి, టవర్ కొలత వారం ఆగినా పరవాలేదు.