చెట్టుకింద ప్లీడరు

సందేహం: కక్షిదారులు లేని న్యాయవాదిని తెలుగులో ఏమనాలి? ‘చెట్టుకింద ప్లీడరు’ను ‘చెట్టుకింది న్యాయవాది’ అని సవరించి రాయవచ్చునా? అది నిందావాచకమా?

సమాధానం: మీరు ఉదాహరించిన ‘చెట్టుకింద ప్లీడరు’ అన్నదే మనకున్న చక్కని పలుకుబడి. సొంత ఆఫీసు గానీ, వెతుక్కుంటూ వచ్చే కక్షిదారు గానీ లేక, కోర్టు ఆవరణలో చెట్టునీడన నిలబడి కేసుకోసం ఎదురుచూసే న్యాయవాది అని దాని భావం. ఇంగ్లీషువారు ఇటువంటివారిని ‘బ్రీఫ్‌లెస్ బారిస్టర్’ అంటారు. కక్షిదారు తరఫున సొలిసిటరు (కక్షిదారుతో వ్యవహారం నడిపే న్యాయవాది) బారిస్టరుకు (కోర్టులో వాదించే న్యాయవాదికి) పంపే కేసు కాగితాలే అక్కడ ‘బ్రీఫ్’. మన కోర్టుల్లో కక్షిదారే వకాల్తానామా మీద సంతకంచేసి న్యాయవాదిని నియమించుకుంటాడు కనుక, ఆ ఇంగ్లీషు మాటను యథాతథంగా తెనిగించడంకన్నా ‘వకాల్తాలు లేని వకీలు’ అనడం మేలు.

ఇక సవరణ సంగతి. ‘కింద’ అవ్యయం, నామవాచకానికి విశేషణం కావాలంటే ‘చెట్టుకింది రాయి’, ‘మేడమీది గది’ అన్నట్లు ‘కింది’, ‘మీది’ అనే రూపాలు రావాలన్నది వ్యాకరణరీత్యా సరైన మాటే. అయినా ‘మేడమీద గది’ వంటి ప్రయోగాలు వ్యవహారంలో ఏనాడో స్థిరపడ్డాయి. పైగా జాతీయాన్ని వ్యాకరణంకోసం దిద్దితే అది జాతీయంగా మిగలదు, ఉత్త వర్ణన అవుతుంది. ‘చెట్టుకింది న్యాయవాది’ అంటే ప్రస్తుతం చెట్టుకింద ఉన్న ఫలానా న్యాయవాది అనే అర్థమే స్ఫురిస్తుంది. 1961 నాటి అడ్వకేట్ల చట్టం వృత్తిలో చేరేవారందరినీ అడ్వకేట్లు అనే ఒకే వర్గంగా చేసిన మాట నిజమే గాని, అందుకోసం జాతీయంలోని ‘ప్లీడరు’ను మార్చనక్కరలేదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆ పదానికి ఇచ్చిన నిర్వచనం ఇప్పటికీ ఉంది.

నింద అవునా కాదా అన్నది సందర్భాన్నిబట్టి ఉంటుంది. కథలో పాత్ర నోట ఇది చక్కగా అమరుతుంది. కాని, సీనియరు దగ్గర చేరి ఏళ్ల తరబడి కేసుకట్టలు చదువుతూ, వాయిదాలకు తిరుగుతూ, తన పేరిట ఒక్క వకాల్తా అయినా దక్కని జూనియర్లను ఈ మాటతో పిలవడం అన్యాయమని నా అభిప్రాయం. ఎందుకంటే ఇందులో కేసులు లేవన్న సమాచారంతోపాటు చేతకానివాడన్న చులకన కూడా ధ్వనిస్తుంది. వార్తలోనో వ్యాసంలోనో అటువంటివారిని గురించి రాసేటప్పుడు ‘ఇంకా ప్రాక్టీసు పుంజుకోని న్యాయవాది’ అనండి.