పాఠకుల ప్రశ్నలు: ఆ రైతూ ఆ సత్రం యజమానీ ఒకరేనా?

ప్రశ్న: మా అమ్మమ్మ తాతగారు ఇంగ్లండు నుంచి వచ్చి బెజవాడలో రైల్వే ఉద్యోగం చేశారు. ఇంట్లోని పాత బైబిలు మొదటి పేజీలో ఆయన పుట్టిన సంవత్సరం 1858, నార్ఫోక్ కౌంటీ, తండ్రి పేరు, పక్కనే 'ఫార్మర్ అండ్ ఇన్‌కీపర్' అని ఉన్నాయి. 1861 జనాభా లెక్కల్లో అదే పేరుతో ఇద్దరు తగిలారు. ఒకరు రైతు, ఇంకొకరు సత్రం యజమాని. మావారెవరో ఇక్కడి నుంచే తేల్చుకోగలమా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: తేల్చుకోవచ్చండీ. వృత్తిని చూసి మాత్రం మనిషిని ఎంచుకోకండి. అక్కడి పల్లెల్లో ఈ రెండు పనులూ ఒకే ఇంట్లో నడిచేవి. బసకు వచ్చినవారి గుర్రాలకు ఎండుగడ్డి, ఓట్స్ ధాన్యం సొంత పొలం నుంచే వచ్చేవి. చాలా సత్రాలు బీరు సొంతంగా కాచుకునేవి. లెక్కల్లో ఒకసారి ఒక పనే రాసి, పదేళ్ల తర్వాత రెండోది రాయడం మామూలే.

ముందు తల్లి ఇంటిపేరు పట్టుకోండి. ఇంగ్లండులో 1837 జులై 1 నుంచి జననాలు ప్రభుత్వం నమోదు చేస్తోంది. అక్కడి జనరల్ రిజిస్టర్ ఆఫీసు వెబ్‌సైటులో ఖాతా తెరిస్తే సూచిక ఉచితంగా చూడవచ్చు. తల్లి పుట్టింటి పేరు అందులోనే ఉంటుంది. నమోదుకు 42 రోజుల గడువుండేది కాబట్టి 1858 డిసెంబరులో పుట్టిన బిడ్డ 1859 మొదటి త్రైమాసికంలో కనిపించవచ్చు. అక్కడా చూడండి. సరైన నమోదు దొరికాక నకలు తెప్పించుకుంటే తల్లి పేరు, పుట్టిన చోటు, తండ్రి వృత్తి తెలుస్తాయి. 1875కు ముందు నమోదు కాని జననాలు కొన్ని ఉన్నాయి. అలాంటప్పుడు చర్చి బాప్తిస్మపు రిజిస్టరే దిక్కు. 1813 నుంచి అందులో తండ్రి వృత్తికీ, నివాసానికీ విడివిడి గడులున్నాయి.

ఇప్పుడు 1861 లెక్కలకు రండి. ఆ తల్లి పేరు, రెండు మూడేళ్ల ఆ బిడ్డ ఏ ఇంట్లో కలిసి కనిపిస్తే అదే మీ ఇల్లు. ఇంటి పెద్ద వయసు, పుట్టిన పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) రాసుకుని 1851లో సరిచూడండి. 1841 లెక్కలతో జాగ్రత్త. పదిహేనేళ్లు దాటినవారి వయసును కింది అయిదు గుణిజానికి తగ్గించి రాయమన్నారు, కాబట్టి 24 ఏళ్లవాడు 20గా కనిపిస్తాడు. పుట్టిన ఊరు ఉండదు, అదే కౌంటీయా కాదా అన్నదే ఉంటుంది. అది తెలియక అసలు మనిషినే పక్కన పెట్టేసినవాళ్లు చాలామంది.

సత్రానికి రుజువు లైసెన్సు పుస్తకాల్లో దొరకకపోతే నిరాశపడకండి. 1830 చట్టం ప్రకారం పన్ను కట్టే గృహస్థు ఎవరైనా ఎక్సైజుకు రెండు గినీలు (అప్పటి ఇంగ్లండు డబ్బు) చెల్లించి బీరు అమ్ముకోవచ్చు, మేజిస్ట్రేటు అనుమతి అక్కర్లేదు. 1869లో గానీ ఆ వెసులుబాటు పోలేదు. అందుకని వ్యాపార డైరెక్టరీలు చూడండి. నార్ఫోక్‌కు వైట్ అనే ప్రచురణకర్త వేసిన డైరెక్టరీలు 1845, 1864 సంవత్సరాలవి ఉన్నాయి. లెస్టర్ విశ్వవిద్యాలయం ఇలాంటి పాత డైరెక్టరీలను ఉచితంగా చూపిస్తుంది.

పొలానికి 1836 చట్టంతో తయారైన టైత్ (చర్చికి కట్టే దశమభాగం) పటాలను మించినవి లేవు. ప్రతి చేనుకూ యజమాని, సాగుదారు, విస్తీర్ణం విడిగా ఉంటాయి. సత్రం భవనానికి యజమానిగా బీరు తయారీదారు పేరుంటే మీవారు అద్దెకున్నవారన్నమాట. నార్ఫోక్ ప్రతులు నార్విచ్‌లోని కౌంటీ రికార్డు ఆఫీసులో అడగండి.

ఇంటర్నెట్‌లో ఎవరో కట్టిన వంశవృక్షాన్ని మాత్రం తల్లి పేరు కలవందే మీ కుటుంబానికి అతికించకండి.

ప్రశ్న: ఇంగ్లండులోని అలాంటి రైతులు, సత్రం యజమానుల వీలునామా ఎక్కడుంటుంది?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చనిపోయిన తేదీ మీద కాదు, వీలునామా రుజువైన తేదీ మీద ఆధారపడుతుంది. 1858 జనవరి 12కు ముందైతే చర్చి కోర్టుల దస్తావేజుల్లో, ఆ తర్వాతైతే దేశమంతటికీ ఒకటే ఉన్న ప్రొబేట్ (వీలునామా రుజువు) సూచికలో చూడాలి. ఆ సూచికలో వృత్తి, ఊరు, మరణ తేదీ సాధారణంగా ఉంటాయి. భర్త పోయాక సత్రాన్ని భార్యే నడిపిన ఇళ్లు చాలా ఉన్నాయి, కాబట్టి ఆమె పేరుతోనూ వెతకండి.