టెక్ సందేహాలు: లింటర్ తప్పు పట్టింది, బిల్డ్ మాత్రం ఆగలేదు

లింటర్‌ని (కోడ్‌ని నడపకుండానే చదివి తప్పులు చూపే పనిముట్టు) కమాండ్‌గా కాకుండా సొంత ప్రోగ్రాం లోపలి నుంచి పిలిచే వైజాగ్ పాఠకుల సందేహాలే ఈసారి ఎక్కువ. కింద చెప్పిన జావాస్క్రిప్ట్ ఫంక్షన్లు, ఆప్షన్ల పేర్లు టైప్ చేసేటప్పుడు రెండో పదం నుంచి మొదటి అక్షరం క్యాపిటల్ అని గుర్తుంచుకోండి. లింట్‌ఫైల్స్‌లో ఎఫ్ క్యాపిటల్, ఎల్ చిన్నది.

*

మా పాత బిల్డ్ స్క్రిప్టు జావాస్క్రిప్ట్ లింటర్ అయిన ఈఎస్‌లింట్ 7తో బాగానే నడిచేది. 9కి మారగానే "సీఎల్ఐఇంజిన్ ఈజ్ నాట్ ఎ కన్‌స్ట్రక్టర్" అని ఆగిపోయింది. పేర్లు మార్చాక నడుస్తోంది కానీ కోడ్‌లో తప్పులున్నా బిల్డ్ పాసవుతోంది. తప్పుల్ని తనే దిద్దే ఫిక్స్ ఆన్ చేసినా ఫైళ్లు మారడం లేదు. ఎందుకండీ? — ఫ్రంటెండ్ డెవలపర్, రుషికొండ

సీఎల్ఐఇంజిన్‌ని 7.0లోనే పక్కన పెట్టి దాని స్థానంలో ఈఎస్‌లింట్ అనే క్లాసు తెచ్చారు. 8.0లో పాతదాన్ని పూర్తిగా తీసేశారు. మీరు రెండు మెట్లు ఒకేసారి ఎక్కారు కాబట్టి 8లో జరిగిన ఈ మార్పు మీకు ఇప్పుడే ఎదురైంది.

పేర్లు మార్చారు సరే, తిరిగొచ్చే వస్తువు కూడా మారింది. పాత ఎగ్జిక్యూట్‌ఆన్‌ఫైల్స్ ఒక రిపోర్టు ఇచ్చేది. అందులో రిజల్ట్స్‌తో పాటు ఎర్రర్‌కౌంట్ మొత్తం కూడా ఉండేది. కొత్త లింట్‌ఫైల్స్ ఇచ్చేది ప్రామిస్, అంటే ఫలితం తర్వాత వస్తుందన్న హామీ. దానికి అవెయిట్ పెడితే వచ్చేది ఉత్త అర్రే (జాబితా), ఒక్కో ఫైలుకి ఒక్కో రిజల్ట్. మొత్తం లెక్క ఎక్కడా ఉండదు. మీ స్క్రిప్టులో "రిపోర్ట్ డాట్ ఎర్రర్‌కౌంట్ సున్నా కంటే ఎక్కువైతే బిల్డ్ ఆపు" అన్న పాత లైను అలాగే ఉండి ఉంటుంది. అర్రేకి ఆ ప్రాపర్టీ లేదు, కాబట్టి విలువ అన్‌డిఫైన్డ్. అన్‌డిఫైన్డ్ సున్నా కంటే ఎక్కువా అని జావాస్క్రిప్ట్‌ని అడిగితే ఫాల్స్ అంటుంది తప్ప గొడవ చేయదు. అవెయిట్ మరిచినా ఇదే ఫలితం. అందుకే మీ బిల్డ్ ఎప్పుడూ పాసే.

సరిచేయడం ఇలా. అర్రేలోని ప్రతి రిజల్ట్‌లో ఉన్న ఎర్రర్‌కౌంట్‌ని, వార్నింగ్‌కౌంట్‌ని కూడండి. ఎర్రర్లు ఒకటైనా ఉంటే ప్రాసెస్ డాట్ ఎగ్జిట్‌కోడ్‌కి 1 ఇవ్వండి. ప్రాసెస్ డాట్ ఎగ్జిట్ అని పిలవకండి, ఇంకా బయటికి వెళ్లాల్సిన అవుట్‌పుట్ మధ్యలో తెగిపోవచ్చు. ఈఎస్‌లింట్ కమాండ్ తప్పులుంటే 1, కాన్ఫిగ్ (సెట్టింగ్‌ల ఫైలు) చెడినా లోపల కుప్పకూలినా 2 ఇస్తుంది. మీరూ ట్రై, క్యాచ్ పెట్టి క్యాచ్‌లో 2 ఇస్తే రేపు బిల్డ్ ఆగినప్పుడు కారణం కోడ్‌లో ఉందో సెట్టింగ్‌లో ఉందో లాగ్ తెరవకుండానే తెలుస్తుంది. "ఇన్ని వార్నింగ్‌లు దాటితే ఆపు" అనే మ్యాక్స్ వార్నింగ్స్ కూడా కమాండ్‌కి మాత్రమే ఉన్న సదుపాయం. ఏపీఐలో, అంటే ప్రోగ్రాం లోపలి నుంచి పిలిచే దారిలో, ఆ పోలిక మీరే రాసుకోవాలి.

ఫిక్స్ సంగతీ ఇంతే. కన్‌స్ట్రక్టర్‌లో ఫిక్స్‌కి ట్రూ ఇస్తే సరిదిద్దిన పాఠం రిజల్ట్‌లోని అవుట్‌పుట్ అనే ప్రాపర్టీలోకి వస్తుంది, డిస్కు మీదకి రాదు. రిజల్ట్స్ చేతికొచ్చాక ఈఎస్‌లింట్ క్లాసు మీదే ఉన్న అవుట్‌పుట్‌ఫిక్సెస్‌కి వాటిని ఇచ్చి, దానికీ అవెయిట్ పెట్టాలి. అది స్టాటిక్ మెథడ్, మీరు తయారుచేసుకున్న ఆబ్జెక్టు మీద పిలిస్తే దొరకదు. అన్నీ ఒక్కసారే మార్చడం భయమనిపిస్తే ఫిక్స్‌కి ట్రూ బదులు ఒక ఫంక్షన్ ఇవ్వండి. ప్రతి మెసేజ్‌నీ అది చూసి, రూల్‌ఐడీని బట్టి అవునో కాదో చెబితే అవునన్నవే దిద్దుతుంది.

రిపోర్టు ప్రింట్ చేయడానికి లోడ్‌ఫార్మాటర్ పిలవాలి. ఇక్కడా ఒక తిరకాసు ఉంది. 9లో ఈఎస్‌లింట్‌తో పాటు వచ్చే ఫార్మాటర్లు నాలుగే: స్టైలిష్, హెచ్‌టీఎంఎల్, జేసన్, జేసన్ విత్ మెటాడేటా. జెంకిన్స్ అనే బిల్డ్ సర్వర్ కోసం చాలామంది వాడే జేయూనిట్, చెక్‌స్టైల్ ఇప్పుడు లోపల లేవు. వాటి ప్యాకేజీలు విడిగా ఎన్‌పీఎమ్‌లో ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

9 నుంచి పాత ఈఎస్‌లింట్ఆర్‌సీ కాన్ఫిగ్ ఫైళ్లను మామూలుగా చదవదు, ఈఎస్‌లింట్ డాట్ కాన్ఫిగ్ డాట్ జేఎస్ కావాలి. ఈఎస్‌లింట్ఇగ్నోర్ ఫైలుకీ కాలం చెల్లింది, అందులోని వరుసలు కాన్ఫిగ్‌లోని ఇగ్నోర్స్‌లోకి రావాలి. పాతది కొత్తగా మార్చడానికి ఈఎస్‌లింట్ వాళ్లదే మైగ్రేట్ కాన్ఫిగ్ అనే ప్యాకేజీ ఉంది, ఎన్‌పీఎక్స్‌తో నడిపించండి. మార్చాక ఏదైనా ఫైలుకి ఏ రూల్స్ వర్తిస్తున్నాయో అనుమానమొస్తే క్యాలిక్యులేట్‌కాన్ఫిగ్‌ఫర్‌ఫైల్‌కి ఆ ఫైలు పాత్ ఇచ్చి చూడండి. అన్‌డిఫైన్డ్ వస్తే ఆ ఫైలుకి ఏ కాన్ఫిగ్‌ తగలడం లేదన్నమాట.

ఇంత చెప్పాక ఒక మాట. మీ స్క్రిప్టు చేసే పని లింట్ నడిపి, ప్రింట్ చేసి, బిల్డ్ ఆపడం మాత్రమే అయితే దానికి ఏపీఐ అక్కర్లేదు. ప్యాకేజ్ డాట్ జేసన్‌లో ఒక్క లైను ఈఎస్‌లింట్ కమాండ్ చాలు. ఫలితాలను ఇంకెక్కడికైనా పంపాలి, వడకట్టాలి అన్నప్పుడే ఏపీఐ జోలికి వెళ్లండి.

*

సెకండియర్ విద్యార్థుల జావాస్క్రిప్ట్ ల్యాబ్ ప్రోగ్రాములను ఈఎస్‌లింట్‌తో దిద్ది, తప్పుల సంఖ్యను బట్టి మార్కులు వేయాలనుకుంటున్నాను. ఒక్కొక్కరి ఫోల్డర్ మీద ఏపీఐతో నడిపిస్తే కొందరికి సున్నా తప్పులు, కొందరికి అన్యాయంగా ఎక్కువ వస్తున్నాయి. — ఇంజినీరింగ్ కాలేజీ అధ్యాపకురాలు, మధురవాడ

మేడమ్, ముందు భద్రత సంగతి. ఈఎస్‌లింట్ మీరు దిద్దే కోడ్‌ని చదువుతుందే తప్ప నడపదు. కానీ కాన్ఫిగ్ ఫైలు జావాస్క్రిప్టే కదా, దాన్ని మాత్రం నడుపుతుంది. సీడబ్ల్యూడీని, అంటే ఈఎస్‌లింట్ పనిచేసే ఫోల్డర్‌ని, విద్యార్థి ఫోల్డర్‌కి పెట్టి, అందులో ఆ అబ్బాయి సొంత ఈఎస్‌లింట్ కాన్ఫిగ్ పెట్టి ఉంటే, అందులో ఏం రాసున్నా మీ కంప్యూటర్లో నడుస్తుంది. అంత దుర్మార్గం లేకపోయినా, రూల్స్ అన్నీ ఆఫ్ చేసిన కాన్ఫిగ్ ఒకటి పెడితే చాలు, సున్నా తప్పులు. ఇది ఆపడానికి కన్‌స్ట్రక్టర్‌లో ఓవర్‌రైడ్‌కాన్ఫిగ్‌ఫైల్‌కి ట్రూ ఇవ్వండి. అప్పుడు ఏ ఫోల్డర్లోనూ కాన్ఫిగ్ కోసం వెతకదు. మీ రూల్స్‌ని ఓవర్‌రైడ్‌కాన్ఫిగ్‌లో ఇవ్వండి. అలా ఇవ్వడం మరిచిపోతే మాత్రం రూల్స్ ఏవీ లేకుండా పోయి క్లాసు మొత్తానికి ఫుల్ మార్కులు వస్తాయి. ఈఎస్‌లింట్ జేఎస్ ప్యాకేజీలోని రికమెండెడ్ కాన్ఫిగ్‌తో మొదలుపెట్టండి.

సున్నా తప్పులకి రెండో దారి ఫైలు పైన ఈఎస్‌లింట్ డిసేబుల్ అని కామెంట్ రాయడం. అలౌఇన్‌లైన్‌కాన్ఫిగ్‌కి ఫాల్స్ ఇస్తే ఆ కామెంట్లను పట్టించుకోదు.

ఇక ఎక్కువ తప్పులు వచ్చేవాళ్ల సంగతి. బహుశా అందరికీ డాక్యుమెంట్, కన్‌సోల్, అలర్ట్ "ఈజ్ నాట్ డిఫైన్డ్" అని వస్తూ ఉంటాయి. బ్రౌజర్లో ఉండే పేర్లు ఈఎస్‌లింట్‌కి తనంతట తెలియవు. గ్లోబల్స్ అనే ప్యాకేజీ తెచ్చి, అందులోని బ్రౌజర్ జాబితాను లాంగ్వేజ్‌ఆప్షన్స్‌లోని గ్లోబల్స్‌కి ఇస్తే అవన్నీ పోతాయి. అదే చోట సోర్స్‌టైప్‌కి స్క్రిప్ట్ అని పెట్టండి. కొత్త కాన్ఫిగ్‌లో జేఎస్ ఫైళ్లను మాడ్యూల్ అనుకుంటుంది, ల్యాబ్‌లో మనవాళ్లు రాసేవేమో మామూలు స్క్రిప్ట్ ట్యాగ్‌లోకి వెళ్లే ఫైళ్లు. హెచ్‌టీఎంఎల్‌లో ఆన్‌క్లిక్ నుంచి మాత్రమే పిలిచే ఫంక్షన్ జేఎస్ ఫైల్లో "వాడని వేరియబుల్" కింద పడుతుంది. నో అన్‌యూజ్డ్ వార్స్ రూల్‌కి వార్స్ ఆప్షన్‌ని లోకల్ అని ఇస్తే పైస్థాయి ఫంక్షన్లను వదిలేస్తుంది. సోర్స్‌టైప్ స్క్రిప్ట్ అయితేనే ఇది పనిచేస్తుంది, మాడ్యూల్‌లో పైస్థాయి కూడా లోకల్ లెక్కే.

సీడబ్ల్యూడీని అందరి ఫోల్డర్లూ ఉన్న పై ఫోల్డర్‌కి, పూర్తి పాత్‌తో ఇవ్వండి. ఆ ఫోల్డర్ బయట ఉన్న ఫైళ్లకి "బేస్ పాత్ బయట ఉంది" అని వార్నింగ్ ఇచ్చి, దిద్దకుండా వదిలేస్తుంది. వార్నింగ్‌లు లెక్కపెట్టని స్క్రిప్టుకి అది కూడా సున్నా తప్పులే.

మార్కుల పద్ధతి దగ్గరే నాకు అభ్యంతరం. ఒక బ్రాకెట్ మూయకపోతే పార్సింగ్ ఎర్రర్ (కోడ్ నిర్మాణమే అర్థం కాలేదన్న తప్పు) ఒక్కటే వస్తుంది, మిగతా రూల్స్ ఆ ఫైలు మీద నడవనే నడవవు. అంటే అసలు నడవని ప్రోగ్రాముకి ఒక తప్పు, చక్కగా నడిచే ప్రోగ్రాముకి ఎనిమిది. ప్రతి రిజల్ట్‌లో ఫేటల్‌ఎర్రర్‌కౌంట్ ముందు చూడండి. అది సున్నా కాకపోతే ఆ ఫైలుని తప్పుల లెక్కలోకి తీసుకోకుండా "పార్స్ కాలేదు" అని విడిగా పెట్టండి. ఆ మెసేజ్‌లో రూల్‌ఐడీ నల్ ఉంటుంది, రూల్ పేరు బట్టి లెక్కేసే మీ ఎక్సెల్ షీట్‌లో అది ఖాళీ గడిగా పడుతుంది. మిగిలిన ఫైళ్లలో కూడా మొత్తం తప్పులు కాకుండా ఎన్ని వేర్వేరు రూల్స్ తప్పారో లెక్కేస్తే మేలు. డిక్లేర్ చేయని ఒకే పేరుని పదిచోట్ల వాడితే నో అన్‌డెఫ్ పదిసార్లు వస్తుంది, నేర్చుకోవాల్సిన పాఠం మాత్రం ఒకటే.

*

తెలుగు పేర్లు సరిచూసే ఫారంలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాస్తే ఈఎస్‌లింట్ "అన్‌ఎక్స్‌పెక్టెడ్ కంబైన్డ్ క్యారెక్టర్" అంటోంది. పైగా జేసన్ రిపోర్టులోని ఫిక్స్‌లను పైథాన్ స్క్రిప్టుతో ఫైళ్లలో పెడుతుంటే తెలుగు ఉన్న చోట పాఠం చెదిరిపోతోంది. — ఫ్రీలాన్సర్, ఎంవీపీ కాలనీ

మొదటిది నో మిస్‌లీడింగ్ క్యారెక్టర్ క్లాస్ అనే రూల్. దాన్ని తిట్టుకోకండి, మీకు మేలే చేసింది. చదరపు బ్రాకెట్లలో "కా" అని రాస్తే మనకది ఒక అక్షరం, ఇంజిన్‌కి మాత్రం "క" ఒకటి, దీర్ఘం ఒకటి. ఆ బ్రాకెట్ "కా" అనే జతని కాకుండా ఆ రెంటిలో ఏదో ఒకదాన్ని పట్టుకుంటుంది. గుణింతాలన్నీ వరసగా రాసే బదులు యూ ఫ్లాగ్ పెట్టి, యూనికోడ్ స్క్రిప్ట్ ప్రాపర్టీలో తెలుగు అని ఇవ్వండి. యూనికోడ్‌లో తెలుగు విభాగం 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు, ఆ రేంజ్ రాసినా సరిపోతుంది. పేర్లలో పొల్లు తర్వాత కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ వస్తుంటుంది. అది ఆ విభాగంలో లేదు, 200సీని విడిగా చేర్చాలి. లేకపోతే సరైన పేర్లే తిరస్కరణకి గురవుతాయి.

రెండోదానికి మూల కారణం లెక్కపెట్టే కొలత. ఫిక్స్‌లోని రేంజ్ యూటీఎఫ్-16 యూనిట్లలో ఉంటుంది. "విశాఖ" చూపుకి మూడు అక్షరాలు, ఈఎస్‌లింట్ లెక్కలో 5 యూనిట్లు, యూటీఎఫ్-8 ఫైల్లో 15 బైట్లు. ఫైలుని బైట్లుగా చదివి రేంజ్ దగ్గర కోస్తే అక్షరం మధ్యలోనే కత్తెర పడుతుంది. స్ట్రింగ్‌గా చదివితే తెలుగు వరకు లెక్క కుదురుతుంది కానీ ఇమోజీ వచ్చిన చోట తప్పుతుంది, పైథాన్‌కి అది ఒకటి, యూటీఎఫ్-16కి రెండు. విండోస్‌లో సేవ్ చేసిన ఫైళ్లలో ఇంకో రెండు గోతులున్నాయి. పైథాన్ ఓపెన్ ఫంక్షన్ లైను చివరి సీఆర్, ఎల్ఎఫ్ జతని ఒక్కటిగా మార్చేస్తుంది కాబట్టి లైనుకి ఒకటి చొప్పున జరుగుతూ పోతుంది. న్యూలైన్ ఆప్షన్‌కి ఖాళీ స్ట్రింగ్ ఇస్తే మార్చదు. ఫైలు మొదట్లో బీఓఎమ్ అనే కనిపించని గుర్తు ఉంటే ఈఎస్‌లింట్ దాన్ని లెక్కలోకి తీసుకోదు, మీరు యూటీఎఫ్-8-సిగ్‌తో చదవాలి.

చదివిన పాఠాన్ని యూటీఎఫ్-16-ఎల్ఈలోకి ఎన్‌కోడ్ చేసి, రేంజ్ అంకెల్ని రెండుతో గుణించి, ఫైలు చివరి నుంచి మొదటికి ఫిక్స్‌లు పెడుతూ రండి. ఒకదాని మీద ఒకటి పడేవాటిని వదిలేయండి. దిద్దాక రాసేటప్పుడూ అదే న్యూలైన్ ఆప్షన్ ఇవ్వండి. నన్నడిగితే ఈ శ్రమంతా అనవసరం. ఫిక్స్ డ్రై రన్ ఆప్షన్‌తో జేసన్ తీస్తే దిద్దిన పూర్తి పాఠం అవుట్‌పుట్‌లోనే వస్తుంది. ఈఎస్‌లింట్ ఒక ఫిక్స్ పెట్టాక మళ్లీ చూసి, 10 విడతల వరకు దిద్దుతుంది. చేత్తో పెడితే మీకు దక్కేది మొదటి విడతే.

*

పైథాన్‌లో చిన్న విండో చేసి బటన్ నొక్కితే పైథాన్ లింటర్ పైలింట్ నడిచేలా పెట్టాను. నొక్కగానే నా ప్రోగ్రామే మూసుకుపోతోంది. — గాజువాక

పైలింట్ రన్ క్లాసు పని అయిపోగానే సిస్టమ్ ఎగ్జిట్ చేస్తుంది. ఎగ్జిట్ ఆర్గ్యుమెంట్‌కి ఫాల్స్ ఇవ్వండి. రిపోర్టు విండోలో చూపించాలంటే టెక్స్ట్‌రిపోర్టర్‌కి ఒక స్ట్రింగ్‌ఐఓ ఇచ్చి దాన్ని రిపోర్టర్‌గా పంపండి. ఇంతటితో అయిందనుకోకండి. ఫైలు దిద్ది రెండోసారి బటన్ నొక్కితే పాత తప్పులే కనిపించవచ్చు. చదివిన ఫైళ్ల నిర్మాణాన్ని పైలింట్ అదే ప్రాసెస్‌లో దాచుకుంటుంది. ప్రతిసారీ పైలింటర్ మాడ్యూల్‌లోని మేనేజర్ మీద క్లియర్ క్యాష్ పిలిచి, తర్వాత రన్ చేయండి.

10కి వచ్చే స్కోరులో ఒక ఎర్రర్ ఐదు వార్నింగ్‌లతో సమానం, మొత్తాన్ని స్టేట్‌మెంట్ల సంఖ్యతో భాగిస్తారు. పది లైన్ల ఫైల్లో ఒక్క ఎర్రర్‌కే స్కోరు సగానికి పడిపోతే కంగారు పడకండి.

*

రఫ్ అనే పైథాన్ లింటర్‌ని పైథాన్‌లో ఇంపోర్ట్ చేసి పిలవడం ఎలా? — అక్కయ్యపాలెం

పిలవడం కుదరదు. అది రస్ట్‌లో రాసిన ప్రోగ్రాం, పైథాన్ నుంచి వాడే ఏపీఐ ఇవ్వలేదు. సబ్‌ప్రాసెస్‌తో రఫ్ చెక్ నడిపి, అవుట్‌పుట్ ఫార్మాట్ జేసన్ అని ఇచ్చి, వచ్చింది జేసన్ లోడ్స్‌తో చదువుకోండి. సబ్‌ప్రాసెస్ రన్‌లో చెక్‌కి ట్రూ మాత్రం ఇవ్వకండి. తప్పులు దొరికితే రఫ్ 1తో ముగుస్తుంది, పైథాన్ దాన్ని వైఫల్యం అనుకుని ఎక్సెప్షన్ విసురుతుంది, రిపోర్టు మీ వరకు రాదు. 0, 1 రెండింటినీ మామూలుగా తీసుకుని, 2 వచ్చినప్పుడే స్టాండర్డ్ ఎర్రర్‌లో ఏముందో చూడండి.