మీ లెక్చరర్ చెప్పకుండా వదిలేసిన చాప్టర్లు

చిక్కడపల్లి,
హైదరాబాద్

చిన్నీ,

ఫిజిక్స్ సార్ మధ్యలో మానేశారనీ, ఇండక్షన్, ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు), సెమీకండక్టర్లు చెప్పకుండానే సిలబస్ అయిందనిపించారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎప్‌సెట్ 160 ప్రశ్నల్లో ఫిజిక్స్ 40 మాత్రమేనని ఆ మూడూ వదిలేస్తానన్నావట. వద్దు తల్లీ.

నా ఇంటర్లో కూడా ఏసీ చెప్పలేదు. సూత్రాలన్నీ ఒక కాగితం మీద రాసుకుని బట్టీ పట్టాను. తీరా పరీక్షలో కెపాసిటర్ లెక్క వస్తే కరెంటు ముందుంటుందో వోల్టేజి ముందుంటుందో గుర్తురాలేదు. ఆ బాధ నాకింకా పోలేదు. ఇండక్షన్ చదవకుండా ఏసీలోకి దిగడమే నా తప్పు.

అందుకని నువ్వు ఏసీ ఇప్పుడే తెరవకు. కదిలే చార్జీ మీద అయస్కాంత క్షేత్రం చూపే బలం నీకు చెప్పారుగా, ఒక పూట అది తిరగెయ్యి. ఆ తర్వాత ఇండక్షన్. నాలుగు రోజులు పట్టినా పరవాలేదు, ఇక్కడ తొందర పనికిరాదు. కీలకమంతా లెంజ్ నియమంలో ఉంది. రాణిగంజ్‌లో కాస్త మందంగా ఉన్న అల్యూమినియం పైపు ముక్క, గుజరాతీ గల్లీలో అందులో పట్టే నియోడిమియం అయస్కాంతం అడుగు. అల్యూమినియం అయస్కాంతానికి అంటుకోదు. అయినా పైపులో జారవిడిస్తే తాపీగా దిగుతుంది. పైపు గోడలో పుట్టిన కరెంటు తనను పుట్టించిన మార్పునే అడ్డుకుంటుంది మరి, లెంజ్ నియమమంటే అదే. ఒకసారి కళ్ళారా చూశావంటే ఇండక్షన్ సూత్రంలో ఉండే మైనస్ గుర్తు మళ్ళీ మరిచిపోవు. ఇండక్టర్లో, అంటే తీగచుట్టలో, కరెంటు వోల్టేజి కన్నా ఎందుకు వెనకబడుతుందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఇక ఏసీలో, మనింటికొచ్చే 230 వోల్టులు ఆర్ఎంఎస్ విలువ, అంటే ఒక రకం సగటు, గరిష్ఠం దాదాపు 325. ఈ తేడా పట్టుకుంటే చాలా లెక్కలు దారికొస్తాయి. సెమీకండక్టర్లకు ఈ రెండింటితో పెద్దగా పని లేదు, విసుగొచ్చిన రోజు డయోడు, లాజిక్ గేట్లు చూసుకో.

రోజూ రాత్రి పుస్తకం మూసి, ఆ రోజు చదివిన సూత్రం ఎలా వచ్చిందో తెల్లకాగితం మీద రాయి. చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడ ఎర్ర సిరాతో గీత పెట్టు. ఇంగ్లిష్ మీడియమైనా తెలుగు అకాడమీ పుస్తకం పక్కన ఉంచుకో. సెల్ఫ్ ఇండక్షన్ కొరుకుడు పడకపోతే స్వయం ప్రేరణ అని చదివి చూడు.

ఆదివారం ఆ ఎర్ర గీతల కాగితాలు పట్టుకుని మా ఇంటికి రా. మిగతావి నువ్వు చదువుకోగలవు, మనిద్దరం అవి మాత్రం చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమామయ్య