విదేశీ బడుల్లో ఉచితంగా ఆటలు నేర్పడానికి టూరిస్ట్ వీసా సరిపోతుందా?

చాలా దేశాల్లో సరిపోదు. జీతం తీసుకోకపోయినా, బడిలో వాలంటీర్‌గా ఆటలు, ఆరోగ్య పాఠాలు చెప్పడానికి అందుకు తగ్గ వీసా ఉండాలి. అక్కడి చట్టం చూసేది డబ్బు ఒక్కటే కాదు, చేసే పని కూడా. స్థానికులకు దక్కాల్సిన ఉద్యోగాన్ని బయటివాళ్లు ఊరికే చేసిపెడితే వాళ్ల పొట్ట కొట్టినట్టే కదా. పైగా పిల్లలతో పని కాబట్టి పోలీసు కేసులున్నాయా అన్నదీ చూస్తారు.

భీమవరంలో బీపీఈడీ చదివిన అబ్బాయి ఇంగ్లండ్‌లో ఓ చారిటీ తరఫున ఆరు నెలలు బడిపిల్లలకు కబడ్డీ ఆడించి, చేతులు కడుక్కోవడం, పళ్లు తోముకోవడం గురించి చెప్పాలనుకున్నాడనుకోండి. అతనికి కావాల్సింది చారిటీ వర్కర్ వీసా. స్పాన్సర్ లైసెన్సున్న సంస్థ, అంటే విదేశీయులను పిలిపించుకోవడానికి బ్రిటన్ ప్రభుత్వం అనుమతిచ్చిన సంస్థ, స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తేనే అది వస్తుంది. హెడ్మాస్టర్ సంతకంతో వచ్చిన ఆహ్వాన పత్రం ఎంత ఘనంగా ఉన్నా దానికి బదులు కాదు. గరిష్ఠంగా 12 నెలలు ఉండొచ్చు. జీతం ఉండదు, బడిలో ఖాళీగా ఉన్న పీఈటీ పోస్టులో కూర్చోబెట్టడమూ కుదరదు. పోలీస్ క్లియరెన్స్ అడిగితే టెన్షన్ అక్కర్లేదు, భీమవరం పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలోనే తీసుకోవచ్చు.

"జీతం లేదుగా, విజిటర్ వీసా మీద వెళ్లిపో" అని కొందరు ఏజెంట్లు తేలిగ్గా అనేస్తుంటారు. ఆ మాటకు మూలం లేకపోలేదు. బ్రిటన్ విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లు రిజిస్టరైన చారిటీకి మొత్తం 30 రోజుల వరకు సేవ చేయొచ్చు. కానీ ప్రయాణానికి అసలు కారణం వేరే ఉండాలి, అక్కనూ బావనూ చూడటానికి వెళ్లి ఖాళీ రోజుల్లో చేసినట్టన్నమాట. సేవ కోసమే బయల్దేరితే ఆ వెసులుబాటు వర్తించదు.