ఆకు పేరు ఎందుకు రాశావ్?

తిరుపతి

నాయనా,

నీ కథ చదివాను. యాస బాగా పట్టుకున్నావు. నాలుగో పేజీకొచ్చేసరికి మాత్రం ఒళ్లు మండింది. కామెర్లకు పసరు పోసే యానాది తాత ఏ ఆకు కోస్తాడో, దేంతో కలిపి నూరుతాడో, ఎన్ని పూటలు పోస్తాడో అంతా రాసిపారేశావు. పైగా శ్రీకాళహస్తి పక్కన నిజంగానే ఒక పెద్దాయన దగ్గర కూర్చుని రాసుకొచ్చానని ఉత్తరంలో గొప్పలు! అచ్చేస్తానని ఆయనకు చెప్పావా? ఆయనొక్కడు సరేనన్నా చాలదు. ఆ మందు వాళ్ల కాలనీ అందరిదీ.

2006 అటవీ హక్కుల చట్టం అనగానే అందరూ భూమి పట్టాల దగ్గరే ఆగిపోతారు. అదే మూడో సెక్షన్‌లో, సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కు కూడా ఉంది. 2007 నాటి ఐక్యరాజ్యసమితి ఆదివాసీ హక్కుల ప్రకటన 31వ అధికరణం చెప్పేదీ అదే. మన దేశం దానికి ఓటేసింది గానీ, ప్రకటనను పట్టుకుని నేరుగా కోర్టుకెక్కలేం. అందుకే నేను మన సెక్షన్‌నే పట్టుకు వేలాడతాను.

కేరళలో కాణి తెగవాళ్లు అడవిలో దారి చూపిస్తూ, అలసట తీర్చే కాయ ఒకటి శాస్త్రవేత్తలకు ఇచ్చారు. దాంతో 'జీవని' అనే మందు తయారైంది. వచ్చే సొమ్ములో సగం కాణివాళ్లకని రాసుకున్నారు. అయినా అందరినీ అడగలేదన్న గొడవ తప్పలేదు. నువ్వు అచ్చేస్తే ఆ సగం మాటెత్తేవాడు కూడా ఉండడు.

ఒకప్పుడు ఒక వారపత్రిక ఎడిటరు, ఆకు పేరు లేదని నా కథ తిప్పి పంపాడు. 'పాఠకులకు ఉపయోగపడాలి కదండీ' అట! నేనివ్వలేదు. మళ్లీ అందులో నా కథ పడలేదు. ఇప్పుడు వాళ్లే అడవి కథల ప్రత్యేక సంచికలు వేస్తున్నారు, యానాదుల నెత్తిన ఈకలు పెట్టి బొమ్మలు గీయించి మరీ.

ఇక నీ కోర్టు సీను. లాయరు చేత, గిరిజన ప్రాంతాల్లో భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం మీద ఉపన్యాసం ఇప్పించావు. అది షెడ్యూల్డ్ ప్రాంతాలకే, అంటే ఆదివాసీ ప్రాంతాలుగా ప్రకటించిన ఊళ్లకే. మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో అలాంటి ఊరు ఒక్కటీ లేదు. అటవీ హక్కుల చట్టం మాత్రం ఇక్కడా చెల్లుతుంది. కాబట్టి లాయర్ని ఇంటికి పంపించి గ్రామసభ పెట్టించు. ఆ చట్టం కింద హక్కు కోరుతూ పెట్టే క్లెయిముకు రెండు సాక్ష్యాలైనా కావాలి. క్లెయిము పెట్టనివాళ్లలో ఒక పెద్దమనిషి చెప్పింది రాసుకుంటే అదొక సాక్ష్యం, పాత సమాధులు ఇంకొకటి. ఒక ముసలామె 'మా నాయన్ని పూడ్చింది ఆ చింతమాను కిందే' అంటుంది. రాసుకునే కుర్రాడు 'ఏ సంవత్సరం అవ్వా?' అంటాడు. ఆమె సంవత్సరం చెప్పదు, ఆ ఏడు వచ్చిన గాలివాన చెబుతుంది. కథ అక్కడుంది, నువ్వు చూడలేదు.

పోటీకి పంపాలా, సంపుటి వేయాలా అని అడిగావు. ముందు శ్రీకాళహస్తి బస్సెక్కు. నాలుగో పేజీ ఆ కాలనీలో నలుగురినీ కూర్చోబెట్టి చదివి వినిపించు. వాళ్లు కొట్టెయ్యమన్నవి కొట్టేసి, మిగిలింది నాకు పంపు.